కమోడిటీ ఫ్యూచర్స్ పని మీద బ్యాంకుకు వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

మొన్న ఉగాది తర్వాత ఒక పసుపు వ్యాపారి మా ఇంటికొచ్చారు. సొంతూరు హిందూపురం, కొట్టు బెంగళూరు యశ్వంతపూర్ యార్డులో. గోదాములో పది టన్నుల పసుపు ఉంది, ధర పడిపోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. "సార్, నాకు సీసీ ఖాతా ఉంది కదా, ఆ బ్యాంకులోనే ఫ్యూచర్స్ అమ్మేయొచ్చా? బ్రోకరేమో మా వెనక బ్యాంకే ఉంది, మీకేం టెన్షన్ లేదు అంటున్నాడు" అని అడిగారు. సీసీ అంటే క్యాష్ క్రెడిట్, సరుకు హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా. ఫ్యూచర్స్ అంటే ముందున్న ఒక తేదీకి సరుకు కొంటామనో అమ్ముతామనో ఇవాళే ధర ఖాయం చేసుకునే ఒప్పందం, ఎక్స్ఛేంజి అనే మార్కెట్లో జరుగుతుంది.

నేను ఒక బ్యాంకు లోన్ల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా బెంగళూరులోనే. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లలో పసుపు, మిర్చి వ్యాపారులున్నారు, నగరత్‌పేట నగల పనివాళ్లున్నారు, పీణ్యలో రాగితీగ చుట్టే చిన్న ఫ్యాక్టరీవాళ్లూ ఉన్నారు. బ్యాంకు ఏం చేయగలదో తెలియక తప్పు కిటికీ దగ్గర నిలబడి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అందుకే ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా రాస్తున్నాను.

1. చట్టంలో ఆ ఒక్క సెక్షన్ తెలుసుకోండి

బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 1949లో వచ్చింది. అందులో సెక్షన్ 8 ప్రకారం ఏ బ్యాంకూ నేరుగా గానీ, వేరే దారిలో గానీ సరుకులు కొనడం, అమ్మడం, మార్పిడి చేయడం కుదరదు. అప్పుకు హామీగా పెట్టిన సరుకును, అప్పు తీరనప్పుడు అమ్మి రాబట్టుకోవడం మాత్రం చేయవచ్చు. మీరు తాకట్టు పెట్టిన మిర్చి బస్తాలను బ్యాంకు వేలం వేయగలుగుతోందంటే ఈ మినహాయింపు వల్లే.

ఇక్కడ ఒక ముఖ్యమైన వివరం ఉంది. ఆ సెక్షన్‌లో 'సరుకు' అన్న మాటకు ఇచ్చిన వివరణలోంచి బులియన్‌ను, అంటే బంగారం వెండి కడ్డీలను తీసేశారు. బ్యాంకు చేయదగిన వ్యాపారాల జాబితా సెక్షన్ 6లో ఉంది. అందులో బులియన్ కొనుగోలు, అమ్మకం ఉన్నాయి. బ్యాంకులు బంగారం దిగుమతి చేసుకుని నగల వ్యాపారులకు ఇవ్వగలుగుతున్నాయి, పసుపునో పత్తినో అలా కొని పెట్టుకోలేవు. చాలామందికి ఈ తేడా తెలియక 'బంగారానికి చేస్తారట, మాకెందుకు చేయరు' అని మేనేజర్‌తో గొడవపడతారు.

ఇంత కఠినంగా ఎందుకు పెట్టారు? బ్యాంకులో ఉన్నది డిపాజిట్‌దారుల డబ్బు. మిరియాల ధర పెరుగుతుందని దానితో మిరియాలు కొంటే, ధర పడిన రోజున పోయేది ఎవరో పింఛనుదారు దాచుకున్న సొమ్ము. నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. నెలనెలా వ్యాపారులంతా తమ స్టాకు స్టేట్‌మెంట్లు తెచ్చి బ్యాంకు టేబుల్ మీద పెడతారు. ఊళ్లో ఎవరి గోదాములో ఎంత సరుకుందో బ్యాంకుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ బ్యాంకే మార్కెట్లో కొనడం, అమ్మడం మొదలుపెడితే దానిముందు మీరేం నిలబడతారు? ఈ సెక్షన్ వ్యాపారికి అడ్డమని చాలామంది అనుకుంటారు గానీ, నా దృష్టిలో అది వ్యాపారికి కాపలా.

ఫ్యూచర్స్ సంగతికొద్దాం. వీటిని మొదట ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ చూసేది. 2013 జూలై ఆఖరున నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజిలో చెల్లింపులు ఆగిపోయి, సుమారు 13,000 మంది మదుపరుల డబ్బు, దాదాపు 5,600 కోట్ల రూపాయలు ఇరుక్కుపోయాయి. ఆ దెబ్బ తర్వాత నియంత్రణ తీరే మారింది. 2015 సెప్టెంబరు 28న ఆ కమిషన్‌ను షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీలో కలిపేశారు. 2017 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు రెండు తలుపులు తెరిచింది. ఒకటి, పిల్ల కంపెనీ ద్వారా కమోడిటీ బ్రోకింగ్ సేవలు. రెండు, సెబీ గుర్తించిన ఎక్స్ఛేంజీల కమోడిటీ విభాగంలో ప్రొఫెషనల్ క్లియరింగ్ మెంబర్‌గా, అంటే బ్రోకర్ల లావాదేవీలను ఎక్స్ఛేంజితో సెటిల్ చేసేవారిగా ఉండటం. రెండింటికీ ఒకే గట్టి షరతు ఉంది: బ్యాంకు గానీ, ఆ పిల్ల కంపెనీ గానీ కమోడిటీ డెరివేటివ్స్‌లో, అంటే ఫ్యూచర్స్ లాంటి ఒప్పందాల్లో, సొంత లాభం కోసం పొజిషన్ తీసుకోకూడదు, అంటే కొనుగోలో అమ్మకమో పెట్టుకోకూడదు.

మ్యూచువల్ ఫండ్లను 2019లో ఈ మార్కెట్‌లోకి రానిచ్చారు. బ్యాంకులను, బీమా కంపెనీలను కూడా రానివ్వడం గురించి ప్రభుత్వంతో మాట్లాడతామని సెబీ చైర్మన్ తుహిన్ కాంత పాండే 2025లో చెప్పారు. అది రూల్ అయ్యేదాకా పాత గీతే గీత.

ఒక చిన్న సూచన. 2025 నవంబరులో రిజర్వ్ బ్యాంకు తన వేల సర్క్యులర్లను సంస్థల వారీగా 244 డైరెక్షన్లుగా కూర్చింది. కాబట్టి మీ ఆడిటర్ పాత సర్క్యులర్ నంబరు చెబితే, అదే విషయం కొత్త డైరెక్షన్‌లో ఎక్కడుందో చూపించమనండి.

2. మీ ఎదురుగా కూర్చున్నది ఎవరో తేల్చుకోండి

ఒకే భవనం, ఒకే రంగు బోర్డు, ఒకే లోగో ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం బ్యాంకు ఉద్యోగా, బ్రోకింగ్ కంపెనీ ఉద్యోగా అన్నది మీరే అడిగి తెలుసుకోవాలి. సిగ్గుపడకండి. "మీ విజిటింగ్ కార్డు ఇవ్వండి" అని అడిగి అందులో కంపెనీ పేరు పూర్తిగా చదవండి. చివర 'సెక్యూరిటీస్ లిమిటెడ్' అనో మరొకటో ఉంటే అది బ్యాంకు కాదు, వేరే కంపెనీ. మీరు సంతకం పెట్టే ఖాతా ఫారం ఆ కంపెనీతో ఒప్పందం. అక్కడ ఏదైనా తేడా వస్తే బ్యాంకు మేనేజర్ "అది మా విభాగం కాదండి" అంటాడు. చట్టప్రకారం ఆయన చెప్పింది నిజమే.

బ్యాంకు అప్పు ఇస్తుంది, గోదాము రసీదు మీద రుణం ఇస్తుంది, మీ డబ్బు బ్రోకర్‌కు చేరేందుకు ఖాతా నడుపుతుంది. పిల్ల కంపెనీ మీ ఆర్డరును ఎక్స్ఛేంజిలో పెడుతుంది. ఇక క్లియరింగ్ మెంబర్ దగ్గరే అసలు గందరగోళమంతా.

చిన్న బ్రోకర్లు చాలామందికి ఎక్స్ఛేంజితో నేరుగా లెక్కలు సెటిల్ చేసే హోదా ఉండదు. వాళ్ల లావాదేవీలను ఒక క్లియరింగ్ మెంబర్ సెటిల్ చేస్తాడు. ఆ పని ఒక బ్యాంకు చేస్తూ ఉండవచ్చు. నా దగ్గరకొచ్చిన పసుపు వ్యాపారికి బ్రోకర్ చెప్పిన 'మా వెనక బ్యాంకు' అంటే ఇదే. బ్రోకర్ ఎక్స్ఛేంజికి కట్టాల్సింది కట్టకపోతే బ్యాంకు ఆ బాకీని కట్టవచ్చు, కట్టినదాన్ని ఆ బ్రోకర్‌కు ఇచ్చిన అప్పు కింద లెక్క వేసుకోవాలి. అది ఎక్స్ఛేంజి వైపు నిలబడిన భరోసా. మీ నష్టానికి గానీ, బ్రోకర్ మీకు నోటిమాటగా ఇచ్చిన హామీకి గానీ బ్యాంకుకు ఏ సంబంధమూ లేదు.

మా అక్క కొడుకు ఒకసారి ఈ మాటకే పడిపోయాడు. "మామయ్యా, బ్యాంకు గ్యారంటీ ఉందట, నెలకు రెండు శాతం ఖాయమట" అని ఫోన్ చేశాడు. కాంట్రాక్టు నోట్, అంటే జరిగిన ట్రేడుకు బ్రోకర్ ఇవ్వాల్సిన రసీదు, పంపమన్నాను. లేదన్నాడు. వాట్సాప్‌లో వచ్చిన ఒక పట్టిక పంపాడు. అక్కడే అర్థమైంది, ఎక్స్ఛేంజికి అసలు వెళ్లని డబ్బా వ్యాపారం అది. నాలుగు లక్షలు పోయాయి, రాలేదు. వాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే తల దించుకుంటాడు. మోసం చేసినవాళ్లు దించుకోవాల్సిన తల అది.

కాబట్టి ఖాతా తెరిచేముందు బ్రోకర్ సెబీ రిజిస్ట్రేషన్ నంబరును సెబీ సైటులో చూడండి. కమోడిటీ విభాగంలో అనుమతి ఉందో లేదో ఎక్స్ఛేంజి సైటులో మెంబర్ల జాబితాలో తెలుస్తుంది. యూపీఐ ద్వారా డబ్బు పంపేటప్పుడు బ్రోకర్ ఐడీలో 'వ్యాలిడ్' అన్న గుర్తు ఉండాలి. 2025 అక్టోబరు నుంచి సెబీ తెచ్చిన ఏర్పాటు ఇది. వ్యక్తి పేరు మీద ఉన్న ఖాతాకు, అతను ఎంత దగ్గరవాడైనా, ఒక్క రూపాయి కూడా వేయకండి. అలాగే బ్యాంకు ఉద్యోగి ఎవరైనా సొంత ఫోన్ నుంచి 'ఈరోజు క్రూడ్ కొనండి' అని మెసేజ్ పెడుతుంటే అది బ్యాంకు పని కాదు. దాన్ని ఆపమని చెప్పే హక్కు మీకుంది.

3. మీ సరుకుకు కాంట్రాక్టు ఉందో లేదో చూడండి

చింతపండు, ఎండుమిర్చి పెట్టుకుని ఫ్యూచర్స్ గురించి అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. మీ సరుకు ఎక్స్ఛేంజిలో ట్రేడ్ కాకపోతే దానికి హెడ్జింగ్, అంటే ధర మారితే వచ్చే నష్టానికి రక్షణ, లేదు. వేరే సరుకు మీద పొజిషన్ తీసుకుంటే అది పందెమే.

ఉన్న కాంట్రాక్టులు కూడా ఎప్పుడూ ఉంటాయని అనుకోవద్దు. 2021 డిసెంబరులో సెబీ ఏడు వ్యవసాయ సరుకుల్లో ట్రేడింగ్ ఆపేసింది: బాస్మతి కాని వడ్లు, గోధుమ, శనగ, ఆవాలు, సోయా, ముడి పామాయిల్, పెసలు. ఏడాదికని మొదలైన ఆ నిలుపుదలను తర్వాత పదే పదే పొడిగించారు. బ్యాంకుకు వెళ్లేముందు ఎక్స్ఛేంజి సైటులో ఈరోజు పరిస్థితి చూసుకోండి.

పసుపుకు ఎన్‌సీడీఈఎక్స్ అనే ఎక్స్ఛేంజిలో కాంట్రాక్టు ఉంది. లాటు, అంటే ఒక కాంట్రాక్టు పరిమాణం, 5 టన్నులు. ధరకు ఆధారం నిజామాబాద్ పసుపు. మీ గోదాములో ఉన్నది కడప రకమో ఈరోడ్ రకమో అయితే, కొమ్ము కాకుండా దుంప అయితే, ఎక్స్ఛేంజి ధర కదిలినట్టే మీ ధర కదలదు. గత రెండేళ్ల మీ అమ్మకం చీటీలు తీసి, అవే తేదీల్లో నిజామాబాద్ ధర పక్కన రాసుకోండి. తేడా ఎప్పుడూ ఇంచుమించు ఒకేలా ఉంటే హెడ్జింగ్ పనిచేస్తుంది. ఒక నెల మూడొందలు, ఇంకో నెల రెండువేలు అయితే మీకు అది రక్షణ ఇవ్వదు. నా అనుభవంలో ఈ లెక్క వేసుకుని వచ్చిన వ్యాపారికి మేనేజర్ కుర్చీ చూపించి కూర్చోమంటాడు.

4. ధర పెరిగితే ఏమవుతుందో లెక్క వేయండి

అందరూ ధర పడితే ఏమవుతుందనే లెక్క వేస్తారు. మనిషిని ముంచేది రెండో లెక్క.

పది టన్నులంటే 100 క్వింటాళ్లు. లెక్క కోసం క్వింటాలు 14,000 రూపాయలు అనుకుందాం. సరుకు విలువ 14 లక్షలు. మీరు రెండు లాట్లు అమ్మారు. మార్జిన్ 15 శాతం అనుకుంటే 2 లక్షల 10 వేలు ముందే కట్టాలి. అసలు మార్జిన్ శాతం రోజులను బట్టి మారుతుంది, బ్రోకర్‌ను అడగండి.

ధర 2,000 తగ్గింది. గోదాములో 2 లక్షలు పోయాయి, ఎక్కువకు అమ్మినదాన్ని తక్కువకు తిరిగి కొనొచ్చు కాబట్టి ఫ్యూచర్స్‌లో 2 లక్షలు వచ్చాయి. మీరు కోరుకున్నది ఇదే, హాయిగా ఉంటారు.

ఇప్పుడు ధర 2,000 పెరిగిందనుకోండి. గోదాములో సరుకు విలువ 2 లక్షలు పెరిగింది, కానీ అది ఇంకా అమ్ముడుపోలేదు, చేతికి రూపాయి రాలేదు. ఫ్యూచర్స్‌లో నష్టం మాత్రం ఏ రోజుది ఆ రోజు నగదుగా కట్టాలి. మొత్తం 2 లక్షలు. విలువ 16 లక్షలకు చేరింది గనుక మార్జిన్ కూడా 2 లక్షల 40 వేలకు పెరుగుతుంది, అంటే ఇంకో 30 వేలు. మొదట కట్టినదాంతో కలిపి మీ డబ్బు 4 లక్షల 40 వేలు అక్కడ కూర్చుంటుంది. కాగితం మీద మీరు ఒక్క రూపాయి కూడా నష్టపోలేదు. కానీ మర్నాడు చెప్పిన సమయానికల్లా డబ్బు కట్టలేకపోతే బ్రోకర్ మీ పొజిషన్‌ను మూసేస్తాడు. తర్వాత ధర పడితే మీకు అటు ఫ్యూచర్స్ లేదు, ఇటు గోదాములో నష్టం.

నేను చూసిన హెడ్జింగ్ నష్టాల్లో ఎక్కువ ఈ దారిలోనే వచ్చాయి. అంచనా తప్పి కాదు, చేతిలో నగదు చాలక. అందుకే ఎంత సరుకుందో అంతా అమ్మేయకండి. మీ నగదు ఎంత పెరుగుదలను మోయగలదో చూసి, దానికి తగ్గ లాట్లే తీసుకోండి. పది టన్నులకు ఒక్క లాటే తీసుకుని సగం సరుకును కాపాడుకున్నా అది తెలివైన పనే. పసుపు వ్యాపారికి కూడా నేను అదే చెప్పాను.

కాంట్రాక్టు గడువు దాకా ఉంచుకుంటే డెలివరీ ఇవ్వాల్సి రావచ్చు. ఎక్స్ఛేంజి చెప్పిన గోదాములో, చెప్పిన నాణ్యతతో సరుకు పెట్టాలి. బెంగళూరు నుంచి నిజామాబాద్‌కు లారీ కిరాయి కట్టే ఉద్దేశం లేకపోతే గడువుకు ముందే పొజిషన్ వదిలించుకోండి.

5. బ్యాంకుకు ఇలా వెళ్లండి

ఇప్పుడు మీ చేతిలో ధరల పోలిక ఉంది, నగదు లెక్క ఉంది. వీటితో మీ బ్రాంచిలో అడ్వాన్సుల అధికారిని కలవండి. కౌంటర్‌లో అడిగితే నేరుగా పిల్ల కంపెనీ మనిషి దగ్గరకు పంపిస్తారు.

అడగాల్సిన మొదటి ప్రశ్న: "నా సీసీ ఖాతా నుంచి హెడ్జింగ్ మార్జిన్ కట్టవచ్చా? కట్టవచ్చంటే ఎంతవరకు? దాన్ని శాంక్షన్ లెటర్‌లో రాసిస్తారా?" ఇది చాలా అవసరం. బ్యాంకు మీకు అప్పు ఇచ్చింది సరుకు కొనడానికి. ఆ డబ్బు చెప్పాపెట్టకుండా బ్రోకర్ ఖాతాకు వెళ్తే ఆడిటర్ దాన్ని రుణం దారి మళ్లించినట్టు రాస్తాడు. ఉద్దేశం మంచిదే అయినా రాత మారదు. ముందే అడిగి, కాగితం మీద తీసుకుంటే అదే లావాదేవీ మీ వ్యాపార జాగ్రత్తకు సాక్ష్యం అవుతుంది. పెద్ద వ్యవసాయ రుణగ్రహీతలను, అంటే మిల్లులను, ప్రాసెసింగ్ యూనిట్లను, ట్రేడర్లను ధరల ప్రమాదం నుంచి హెడ్జ్ చేసుకొమ్మని ప్రోత్సహించాలని రిజర్వ్ బ్యాంకే 2016లో బ్యాంకులకు చెప్పింది. మేనేజర్ సందేహిస్తే ఆ మాట గౌరవంగా గుర్తు చేయండి.

ఒక పేజీ ఉత్తరం రాసుకెళ్లండి. సరుకు పేరు, ఎంత ఉంది, ఎక్కడుంది, ఎన్ని లాట్లు అమ్ముతారు, ఏ నెల కాంట్రాక్టు, ధర ఎంత పెరిగితే ఎంత నగదు కావాలి, ఉన్న సరుకుకు మించి ఎప్పుడూ అమ్మను అన్న హామీ. ఇంతే. పార్ట్‌నర్‌షిప్ అయితే భాగస్వాములందరి సంతకాలు, కంపెనీ అయితే బోర్డు తీర్మానం జత చేయండి. ప్రతి నెలా స్టాకు స్టేట్‌మెంట్‌తో పాటు బ్రోకర్ ఇచ్చిన పొజిషన్ స్టేట్‌మెంట్ కూడా ఇస్తానని మీరే ముందుగా చెప్పండి. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు ఈ మాట చెప్పిన వ్యాపారిని ఒక్కసారి కూడా ఉత్తి చేతులతో పంపలేదు.

గోదాము రసీదు మీద అప్పు తీసుకున్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఎలక్ట్రానిక్ నెగోషియబుల్ రసీదు, అంటే చేతులు మార్చగల ఎలక్ట్రానిక్ గోదాము రసీదు, బ్యాంకుకు ప్లెడ్జ్ (తాకట్టు) అయి ఉంటే దాన్ని ఎక్స్ఛేంజిలో డెలివరీకి వాడలేరు. ముందు బ్యాంకు ప్లెడ్జ్ విడుదల చేయాలి. డెలివరీ ఇవ్వాలనుకుంటే అప్పు తీర్చడం, ప్లెడ్జ్ విడుదల, డెలివరీ నోటీసు, ఈ మూడింటి తేదీలు కలిసేలా రెండు వారాల ముందే బ్రాంచితో మాట్లాడుకోండి. ఒకే సరుకును సీసీ స్టాకులోనూ, రసీదు రుణంలోనూ చూపించే పొరపాటు మాత్రం ఎన్నడూ చేయకండి. తెలియక చేసినా బ్యాంకు దాన్ని మోసంగా చూడవచ్చు.

6. బంగారం పనివాళ్లకు

నగరత్‌పేటలో, అవెన్యూ రోడ్డు సందుల్లో మన విశ్వబ్రాహ్మణ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్లకు లెక్క వేరు.

బంగారం కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని 2012 నుంచి ఆంక్ష ఉంది. నిజంగా నగలు చేసేవాళ్లకు వర్కింగ్ క్యాపిటల్ ఇవ్వడానికి మాత్రం ఇబ్బంది లేదు. దాంతోపాటు గోల్డ్ మెటల్ లోన్ అని ఒకటుంది. బ్యాంకు మీకు గ్రాముల్లో బంగారం అప్పు ఇస్తుంది. మీరు నగ చేసి అమ్మాక, ఆ రోజు ధర ఖరారు చేసి రూపాయల్లో కడతారు.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. మెటల్ లోన్ మీద తెచ్చిన బంగారం మీ దగ్గర గ్రాముల్లో ఉంది, బాకీ కూడా గ్రాముల్లోనే ఉంది. ధర పెరిగినా తగ్గినా మీకు తేడా లేదు, ఆ లోనే మీకు రక్షణ. దాని మీద మళ్లీ ఎంసీఎక్స్ అనే ఎక్స్ఛేంజిలో ఫ్యూచర్స్ అమ్మితే, రక్షణ పోయి పందెం మొదలవుతుంది. ధర పెరిగినన్నాళ్లూ జేబులోంచి కడుతూనే ఉండాలి. మెటల్ లోన్ ఉన్నవాళ్లు చేయాల్సింది ఒక్కటే: నగ అమ్మిన రోజే బ్యాంకుకు ఫోన్ చేసి అంత బరువుకు ధర ఖరారు చేయించడం. 'రేపు తగ్గుతుందిలే' అని ఒక్కరోజు ఆగినా మీరు ధర మీద పందెం కాసినట్టే.

సొంత డబ్బుతోనో, సీసీతోనో బంగారం కొని స్టాకు పెట్టుకున్నవాళ్లకు ఫ్యూచర్స్ పనికొస్తాయి. కిలో లాటు పెద్దదైతే 100 గ్రాముల మినీ ఉంది. నగదు లెక్క మాత్రం పసుపుకు చెప్పిందే.

7. దిగుమతి సరుకు వాడే ఫ్యాక్టరీలకు

పీణ్యలో రాగి, అల్యూమినియం, జింకు వాడేవాళ్లకు ఎంసీఎక్స్ చాలకపోతే విదేశీ మార్కెట్లో హెడ్జింగ్‌కు దారి ఉంది. ఇందులో బ్యాంకు పాత్ర పెద్దది. రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన డైరెక్షన్ల ప్రకారం విదేశీ మారకపు అనుమతి ఉన్న బ్యాంకు మీ పత్రాలు చూసి ఒప్పుకోవాలి. వ్యక్తులకు ఈ వీలు లేదు. మీకు నిజంగా ధర ప్రమాదం ఉందని కొనుగోలు ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు చూపించాలి. హెడ్జింగ్ పరిమాణం, గడువు ఆ అవసరానికి తగ్గట్టే ఉండాలి. చెల్లింపులన్నీ బ్యాంకులో తెరిచిన ఒక ప్రత్యేక ఖాతా ద్వారానే నడవాలి.

ఫ్యూచర్స్, ఫార్వర్డ్, మామూలు కాల్, పుట్ ఆప్షన్లు, స్వాప్‌లు, ఇలాంటి సాదా ఒప్పందాల దగ్గర ఆగండి. ఇలాంటివి కొన్ని కలిపి అల్లిన స్ట్రక్చర్డ్ ప్రాడక్ట్ అని ఎవరైనా రంగుల బ్రోషర్ తెస్తే, అవి లిస్టెడ్ కంపెనీలకు, వాటి పూర్తి సొంత పిల్ల కంపెనీలకు, లేదా 200 కోట్లకు పైగా నికర విలువ ఉన్నవాళ్లకు ఉద్దేశించినవని చెప్పి పంపేయండి. బంగారానికి 2022 డిసెంబరు నుంచి గిఫ్ట్ సిటీలోని ఎక్స్ఛేంజీల్లోనూ హెడ్జ్ చేసుకునే వీలు కల్పించారు.

8. మొదలుపెట్టాక రోజూ చూడాల్సినవి

కాంట్రాక్టు నోట్ 24 గంటల్లో రావాలి. రాకపోతే రెండో ఆర్డరు పెట్టకండి. నోట్‌లో ఉన్న ట్రేడ్ నంబరు, సమయం, ధర ఎక్స్ఛేంజి పంపిన ఎస్ఎంఎస్‌తో సరిపోతున్నాయా చూడండి. మీ మొబైల్ నంబరు బదులు బ్రోకర్ ఆఫీసు నంబరు ఖాతాలో పడి ఉంటుంది కొన్నిసార్లు, అది మొదటి రోజే సరిచేయించండి.

గోదాము నుంచి సరుకు అమ్మిన రోజే అంత మేరకు ఫ్యూచర్స్ పొజిషన్ కూడా మూసేయాలి. సరుకు వెళ్లిపోయాక మిగిలిన పొజిషన్ హెడ్జింగ్ కాదు, బ్యాంకుకు మీరిచ్చిన ఉత్తరానికి విరుద్ధం కూడా. ఒక చిన్న నోటుబుక్కులో ఎడమవైపు సరుకు, కుడివైపు లాట్లు రాసుకుంటే చాలు. లాభనష్టాలు వ్యాపార ఆదాయం కింద చూపించాలి కాబట్టి ఆ పుస్తకం ఏడాది చివర మీ సీఏకూ పనికొస్తుంది.

9. తేడా వస్తే ఎక్కడికి వెళ్లాలి

బ్రోకర్ మీద ఫిర్యాదును, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌కు పంపి నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. బ్యాంకు పేరున్న కంపెనీ కదా అని పంపారు, అది వెనక్కి వచ్చింది.

బ్రోకింగ్ కంపెనీ మీద అయితే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఇవ్వండి. తేలకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో పెట్టండి. అక్కడ కంపెనీ 21 రోజుల్లో సమాధానం చెప్పాలి. అప్పటికీ కుదరకపోతే స్మార్ట్ ఓడీఆర్ అనే ఆన్‌లైన్ వివాద పరిష్కార పోర్టల్ ద్వారా రాజీకి, ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు. సెబీ టోల్‌ఫ్రీ నంబరు 1800 22 7575.

సీసీ ఖాతా, ప్లెడ్జ్ విడుదలలో ఆలస్యం, మెటల్ లోన్ ధర ఖరారులో పొరపాటు, ఇవి బ్యాంకు మీద ఫిర్యాదులు. బ్రాంచికి రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ పోర్టల్‌లో పెట్టండి. సహాయానికి 14448కి ఫోన్ చేయవచ్చు.

ఎక్స్ఛేంజికి వెళ్లని డబ్బా వ్యాపారమైతే సెబీకి రాస్తూనే పోలీసు స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వండి, సైబర్ మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు వెళ్లిన మొదటి గంటల్లో చేస్తేనే ఆ ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. మా అక్క కొడుకు డబ్బు పోయిన సంగతి పరువు పోతుందని పదిహేను రోజులు ఎవరికీ చెప్పలేదు.